కొత్త షింగిల్ రూఫ్: వినకూడని తొమ్మిది సలహాలు

డాలస్ చుట్టుపక్కల మార్చి వచ్చిందంటే వడగళ్ళ భయం మొదలవుతుంది. 2016 ఏప్రిల్‌లో వైలీ ఊరి మీద పడ్డ వడగళ్ళు షింగిల్స్‌ని చీల్చి, కింది చెక్కకు కూడా బెజ్జాలు పెట్టాయి. అంత పెద్దవి ఎప్పుడో గానీ పడవు. అయినా ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, మెకిన్నీ, ఇర్వింగ్ లాంటి మనవాళ్ళు ఎక్కువగా ఇళ్ళు కొనుక్కున్న ఊళ్ళలో ఏటా ఏదో ఒక వీధిలో రూఫులు మారుతూనే ఉంటాయి.

రూఫ్ మారుతోందని తెలిస్తే చాలు, సలహాలు వచ్చిపడతాయి. వాట్సాప్ గ్రూపులో ఒకరు, గుడిలో ఒకరు, పిల్లల బర్త్‌డే పార్టీలో ఇంకొకరు చెబుతారు. మన మంచి కోరే చెబుతారు. కానీ వాటిలో చాలా సలహాలు వేల డాలర్ల పనిని మనం సరిగ్గా చూసుకోకుండా చేస్తాయి. తరచుగా వినిపించే తొమ్మిదింటిని ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుని, అది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో చెబుతాను.

ముందు ఒక్క నియమం మనసులో పెట్టుకోండి. షింగిల్ రూఫ్ నీటిని ఆపి నిలబెట్టదు, కిందికి జార్చి పంపేస్తుంది. అందుకని పైనున్న ప్రతి పొరా తన కిందున్న పొర మీదికి రావాలి. మన పెంకుటింటి మీద పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టే ఇదీను. తేడా ఒక్కటే. పెంకుటింట్లో కారుతుంటే ఆ ఒక్క పెంకు తీసి ఇంకోటి పెట్టేస్తాం. షింగిల్‌కి మేకులు కొడతారు, దాని అడుగున జిగురు కూడా అంటుకుంటుంది. కప్పేసిన తప్పు కప్పేసినట్టే ఉండిపోతుంది. కాబట్టి ఎక్కడ ఏది చూసినా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ పడ్డ చుక్క ఎటు పోతుంది?

1. "పని జరిగేటప్పుడు రూఫర్లకి అడ్డం పడకండి, అయ్యాక చూసుకోవచ్చు"

అడ్డం పడకూడదన్న మాట నిజమే. అయ్యాక చూసుకోవచ్చన్నదే తప్పు. మామూలు ఇంటి రూఫ్ చాలాసార్లు ఒక్క రోజులోనే అయిపోతుంది. పొద్దున్నే పాత షింగిల్స్ పీకడం మొదలుపెడితే సాయంత్రానికి కొప్పు మీద ఆఖరి ముక్క కూడా పడిపోతుంది. ఈ మధ్యలో ఒక్కో పొర కంటికి కనిపించేది గంటో రెండు గంటలో. ఆ తర్వాత రూఫ్ మళ్ళీ మార్చేదాకా దాన్ని ఎవరూ చూడరు.

అందుకని కాంట్రాక్టు మీద సంతకం పెట్టేటప్పుడే, ఏ దశలో ఏ ఫొటోలు కావాలో రాయించుకోండి. పాతవి పీకాక ఖాళీగా ఉన్న చెక్క, కొత్తగా మార్చిన చెక్క పలకలు, చూరు వెంబడి బిగించిన డ్రిప్ ఎడ్జ్ రేకు, రెండు వాలులు కలిసే వ్యాలీల్లో అంటించిన, నీరు దిగని మెంబ్రేన్, షింగిల్స్ కింద చెక్క మీద పరిచిన అండర్‌లేమెంట్ షీటు, చూరు అంచున మొదటి వరుస కింద వేసే స్టార్టర్ పట్టీ, గోడలూ చిమ్నీ దగ్గర కొత్త రేకులు. ఇవన్నీ ఫొటోల్లో ఉండాలి. మంచి రూఫర్లు ఇవి ఎలాగూ తీస్తారు. ఇవ్వడానికి నసిగే రూఫర్‌తో పని మొదలుపెట్టించకండి.

ఆ ఫొటోల్లో ఏం చూడాలి? చెక్క మీద నల్లటి మచ్చలు, ఉబ్బిన అంచులు, పాత బెజ్జాలు ఉంటే ఆ పలక మార్చారో లేదో చూడండి. చెక్కకు బిల్లు పలకల లెక్కన వేస్తారు కాబట్టి ఎన్ని మార్చారో లెక్కపెట్టుకోవడానికి కూడా ఆ ఫొటోలే ఆధారం. తర్వాత డ్రిప్ ఎడ్జ్ చూడండి. చూరు దగ్గర అండర్‌లేమెంట్ రేకు మీదికి రావాలి. పక్క వాలు అంచుల్లో మాత్రం రేకు అండర్‌లేమెంట్ మీదికి రావాలి. చూరు దగ్గర ఇది తిరగబడితే, షింగిల్ కిందికి చేరిన నీరు రేకు వెనక్కి దిగి అంచు చెక్కను నానబెడుతుంది.

"పాతదాని మీదే కొత్తది వేసేస్తాం, డబ్బు మిగులుతుంది" అనేవాళ్ళూ ఉంటారు. బిల్డింగ్ కోడ్ రెండు పొరల దాకా చాలాచోట్ల ఒప్పుకుంటుంది. కానీ అలా వేస్తే కింద చెక్క ఎలా ఉందో చూసే అవకాశమే పోతుంది. పాతది పూర్తిగా పీకించండి.

2. "రోడ్డు మీంచి చూస్తే నీట్‌గా ఉంది, ఇంకేం చూస్తారు?"

కొత్త రూఫ్ ఏదైనా రోడ్డు మీంచి నీట్‌గానే కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వేసే లామినేటెడ్ షింగిల్స్‌లో మందం, రంగు కావాలనే అక్కడక్కడా మారుతూ ఉంటాయి. అందువల్ల చిన్నచిన్న వంకరలు ఆ నమూనాలో కలిసిపోతాయి.

అలాగని కింద నిలబడి చూడ్డం దండగ కాదు. చూడాల్సిన పద్ధతి వేరు. ఎండ పక్కవాటుగా పడే పొద్దున పూటో సాయంత్రం పూటో బైనాక్యులర్స్‌తో గానీ ఫోన్ జూమ్‌తో గానీ ఒక్కో వాలూ మెల్లగా చూడండి. ఆ వెలుగులో ఎత్తుపల్లాల నీడలు బాగా తెలుస్తాయి. ఏదో ఒక షింగిల్ చివర మాత్రం లేచి ఉంటే దాని కింద మేకు పూర్తిగా దిగి ఉండకపోవచ్చు. వరుసలు సమానంగా ఉన్నాయా చూడండి. చాలా బ్రాండ్లలో ఒక్కో వరుస 5 5/8 అంగుళాలు కనిపించాలి. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కనిపిస్తే సున్నం దారం కొట్టకుండా కంటి అంచనాతో వేశారన్నమాట. అప్పుడు మేకులు కూడా గీత తప్పి ఉండే అవకాశం ఉంది.

పై వరుసలో రెండు షింగిల్స్ కలిసే సందు, కింది వరుసలోని సందుకి సరిగ్గా పైన రాకూడదు. బ్రాండును బట్టి కనీసం 4 నుంచి 6 అంగుళాలు పక్కకి జరగాలి. చూరు దగ్గర షింగిల్ డ్రిప్ ఎడ్జ్ దాటి పావు నుంచి ముప్పావు అంగుళం ముందుకు రావాలి. అంతకన్నా తక్కువైతే నీరు గట్టర్ వెనక పడుతుంది. బాగా ఎక్కువైతే ఎండకు ఆ అంచు కిందికి వాలిపోతుంది.

ఒకటి రెండు చోట్ల చిన్న ముడతలు కనిపిస్తే వెంటనే గొడవకు దిగకండి. కట్టల్లో మడతపడ్డ షింగిల్స్, చల్లటి రోజుల్లో వేసినవి, కొన్ని వారాల ఎండకు సర్దుకుంటాయి. ఫొటో తీసి తేదీతో దాచుకోండి. వేడి రోజులు గడిచాక కూడా ఆ ముడత అలాగే ఉంటే అది కింద చెక్క వల్లో మేకు వల్లో వచ్చింది. పిలిచి సరిచేయించండి. కొత్తగా వేసిన వెంటనే గట్టర్లలో కాస్త ఇసుక లాంటి గుళికలు పడటం కూడా మామూలే.

3. "మేకులు ఎన్ని కొడితే అంత గట్టి"

రూఫ్ బలం మేకుల లెక్కలో కాదు, అవి దిగిన చోటులో ఉంటుంది. మామూలుగా ఒక్కో షింగిల్‌కి 4 మేకులు. గాలి ఎక్కువున్న చోట, లేదా ఎక్కువ గాలికి వారంటీ కావాలంటే 6. ఇది కట్ట మీదే రాసి ఉంటుంది. మీ కాంట్రాక్టులో ఎన్ని రాశారో చూసుకోండి.

ఒక్క మేకును దగ్గరగా చూద్దాం. లామినేటెడ్ షింగిల్ మధ్యలో రెండు పొరలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉండే సన్నటి పట్టీ ఒకటుంటుంది. కంపెనీ అక్కడే గీత గీసి ఇస్తుంది. మేకు ఆ గీతలోనే దిగాలి. అప్పుడు అది ఈ షింగిల్ రెండు పొరలనీ, కింది వరుస షింగిల్ పై అంచునీ కలిపి పట్టుకుంటుంది. గీతకి అంగుళం పైన కొడితే వెనక పొర దొరకదు, కింది షింగిల్ అంచూ దొరకదు. పైకి తేడా ఏమీ కనిపించదు. బాగా ఏటవాలుగా ఉన్న రూఫ్ మీద మాత్రం వేసవి వేడికి ఆ వెనక పొర జారిపోవచ్చు. పెద్ద గాలి వీస్తే పట్టు చాలదు.

లోతు కూడా అంతే ముఖ్యం. మేకు తల షింగిల్ మీద సమానంగా, నిలువుగా కూర్చోవాలి. నెయిల్ గన్‌లో గాలి ఒత్తిడి ఎక్కువైతే తల షింగిల్‌ని కోసుకుని లోపలికి పోతుంది. అప్పుడు మేకు చెక్కలో ఉన్నా షింగిల్‌ని పట్టుకుని ఉన్నది ఏమీ లేదు. ఒత్తిడి తక్కువైతే తల పైకి నిలబడి, పై షింగిల్‌ని ఎత్తిపెట్టి, జిగురు అంటుకోనివ్వదు. వంకరగా దిగిన మేకు తల అంచు షింగిల్‌ని చీలుస్తుంది. పని మొదలైన మొదటి అరగంటలోనే క్రూ లీడ్‌ని అడిగి, అప్పుడే వేసిన నాలుగైదు షింగిల్స్ మేకులకు దగ్గరి ఫొటోలు తీయించుకోండి. అప్పుడే చెబితే గన్ ఒత్తిడి సర్దుకోవడం వాళ్ళకి నిమిషం పని.

పొడవు సంగతి అటిక్‌లో తెలుస్తుంది. మేకు చెక్కలోకి కనీసం ముప్పావు అంగుళం దిగాలి. చెక్క అంతకన్నా పల్చనైతే దాన్ని దాటి బయటికి రావాలి. టెక్సస్ ఇళ్ళలో ఎక్కువగా వాడే 7/16 అంగుళం ఓఎస్‌బీ పలక అయితే టార్చ్ వేసి చూడండి. మేకుల మొనలు వరుసగా అడుగున కనిపించాలి. ఎక్కడా కనిపించకపోతే పొట్టి మేకులు వాడారన్నమాట.

వ్యాలీ మధ్యగీతకు అటూ ఇటూ 6 అంగుళాల లోపల అసలు మేకే ఉండకూడదు. రూఫ్ మొత్తం మీద ఎక్కువ నీరు పారేది అక్కడే.

4. "పాత రేకులు బాగానే ఉన్నాయి, గోడ దగ్గర కాస్త సిలికాన్ కొడితే చాలు"

ఈ తొమ్మిదింటిలో ఎక్కువ ఇళ్ళకు నష్టం చేసేది ఈ సలహాయే. రూఫ్ మధ్యలో వేసిన షింగిల్ అరుదుగా కారుతుంది. రూఫ్ ఏదో ఒకదాన్ని కలిసే చోటే కారుతుంది. రెండో అంతస్తు గోడ, చిమ్నీ, పైపు, వ్యాలీ, స్కైలైట్, ఇవే ఆ చోట్లు.

గ్యారేజీ రూఫ్ పక్కన రెండో అంతస్తు గోడ లేచే చోటు చాలా ఇళ్ళలో ఉంటుంది. అక్కడ ఒకే పొడుగాటి రేకు పరిస్తే సరిపోదు. ఒక్కో షింగిల్ వరుసకి ఒక్కో చిన్న ముక్క, ఎల్ ఆకారంలో మడిచినది, వేసుకుంటూ పోవాలి. దాన్నే స్టెప్ ఫ్లాషింగ్ అంటారు. గోడ మీదికి కనీసం 4 అంగుళాలు, రూఫ్ మీదికి 4 అంగుళాలు ఉండాలి. ఒక్కో ముక్క కింది ముక్క మీదికి వస్తుంది. పై నుంచి జారిన చుక్క ఒక ముక్క మీద పడి కింది షింగిల్ మీదికి దిగుతుంది. అక్కడ నుంచి తర్వాతి ముక్క మీదికి. అలా చివరిదాకా బయటే ఉంటుంది.

ఆ వరుస కింది కొసన, గోడ ఇంకా ముందుకు సాగుతుంటే, కిక్‌అవుట్ అనే బయటికి వంచిన రేకు ముక్క ఉండాలి. అది గోడ వెంట వచ్చిన నీటిని గట్టర్‌లోకి నెడుతుంది. అది లేకపోతే ప్రతి వానకీ ఆ నీరు ఇటుక వెనక్కి, సైడింగ్ వెనక్కి పోతుంది. గోడలో చెక్క కుళ్ళేదాకా లోపల మరక కూడా పడకపోవచ్చు. మీ ఇంట్లో ఆ మూల ఎక్కడుందో ఇప్పుడే బయటికెళ్ళి చూడండి. రేకు ముక్క బయటికి వంగి కనిపించాలి.

సిలికాన్, కాక్ లాంటివి ఎండకు ఎండి, కుంచించుకుపోయి, విడిపోతాయి. రేకు సరిగ్గా ఉన్నచోట అవి అదనపు రక్షణ. రేకుకి బదులుగా వాడితే కొన్నేళ్ళలో లీకు ఖాయం. అందుకని కాంట్రాక్టులో "అన్ని ఫ్లాషింగులూ కొత్తవి" అని స్పష్టంగా ఉండాలి. ఇటుక గోడలోకి దిగిన పాత రేకు తీయడం కష్టమని వదిలేస్తే, ఏది వదిలేశారో ఎందుకు వదిలేశారో రాతలో తీసుకోండి.

చిమ్నీ 30 అంగుళాల కన్నా వెడల్పుంటే దాని వెనక నీటిని రెండు పక్కలకీ చీల్చే చిన్న గట్టు కోడ్ ప్రకారం ఉండాలి. దాన్ని క్రికెట్ అంటారు. పైపుల చుట్టూ ఉండే రబ్బరు బూట్లు పాతవే మళ్ళీ పెట్టించుకోవద్దు. రూఫ్ కన్నా చాలా ముందే అవి పగులుతాయి. కొత్త బూటు పై అంచు షింగిల్ కిందికి, కింది అంచు షింగిల్ మీదికి రావాలి. నాలుగు పక్కలా పైనే కనిపిస్తుంటే తప్పుగా వేశారు.

5. "ఒక్క పెద్ద వాన పడనివ్వండి, కారకపోతే రూఫ్ బాగున్నట్టే"

కొత్త రూఫ్‌లో షింగిల్ తప్పినా కింద కొత్త అండర్‌లేమెంట్ ఉంటుంది. అది కొన్నాళ్ళు నీటిని ఆపుతుంది. కొట్టిన కాక్ కూడా అప్పటికింకా తాజాగానే ఉంటుంది. అందుకే మొదటి వానకి దాదాపు ఏ రూఫూ కారదు. తప్పు బయటపడేసరికి రూఫర్ ఇచ్చిన పని వారంటీ అయిపోవచ్చు. పైగా గాలి ఏ దిక్కు నుంచి వీచిందన్నదాన్ని బట్టి కూడా కారడం ఉంటుంది. నిలువుగా పడ్డ వానకి కారని గోడ మూల, పక్కవాటుగా కొట్టిన వానకి కారుతుంది.

వానకోసం ఎదురుచూడటానికి బదులు అటిక్‌లోకి వెళ్ళండి. రూఫ్ పడ్డ వారంలో ఒకసారి, మొదటి పెద్ద వాన మర్నాడు ఒకసారి. జాయిస్టుల (సీలింగ్ దూలాల) మీదే అడుగు వేయండి, ఇన్సులేషన్ మీద వేస్తే సీలింగ్ లోంచి కాలు దిగిపోతుంది. ముందు టార్చ్ ఆర్పి, వెంట్లు లేని చోట వెలుతురు సన్నగా ఎక్కడైనా కనిపిస్తుందా చూడండి. తర్వాత టార్చ్ వేసి పైపులు, చిమ్నీ, వ్యాలీల చుట్టూ చెక్క మీద తడి ఉందా చూడండి. పాత రూఫ్ నాటి మరకలు కూడా ఉంటాయి. వాటి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. మరక ఆ గీత దాటితే కొత్త రూఫ్ కారుతున్నట్టే.

అనుమానం తీరకపోతే గార్డెన్ హోస్‌తో పరీక్షించవచ్చు. కింద నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. ఒక్కోచోట కొన్ని నిమిషాలు నీళ్ళు పారనిచ్చి, లోపల అటిక్‌లో ఇంకొకరు చూస్తూ ఉండాలి. పై నుంచి మొదలుపెడితే ఎక్కడ కారిందో తెలియదు. నీళ్ళు వానలాగే పైనుంచి కిందికి పడాలి. షింగిల్ కిందికి చిమ్మేలా కొడితే బాగున్న రూఫ్ కూడా కారుతుంది.

6. "వెంట్లు ఎన్ని ఉంటే అటిక్ అంత చల్లగా ఉంటుంది"

గాలి బయటికి పోవడానికి దారి ఉంటే చాలదు, లోపలికి రావడానికి కూడా అంతే దారి ఉండాలి. చూరు అడుగున సాఫిట్ వెంట్ల నుంచి గాలి లోపలికి వచ్చి, కొప్పు దగ్గర రిడ్జ్ వెంట్ నుంచి బయటికి పోవాలి. కోడ్ అటిక్ వైశాల్యంలో 150వ వంతు వెంట్ ఖాళీ అడుగుతుంది. పైనా కిందా సమతూకంలో ఉండటం లాంటి కొన్ని షరతులు తీరితే 300వ వంతు చాలంటుంది.

రూఫ్ మార్చేటప్పుడు రిడ్జ్ వెంట్ కొత్తగా పెట్టి, పాత పెట్టె వెంట్లనో కరెంటు ఫ్యానునో కూడా ఉంచేస్తుంటారు. అప్పుడు ఫ్యాను కింద నుంచి గాలి లాగే బదులు దగ్గరున్న రిడ్జ్ వెంట్ నుంచే లాగుతుంది. గాలి పైపైనే తిరుగుతుంది, చూరు పక్క అటిక్ ఉడికిపోతూనే ఉంటుంది. వానరోజున ఆ లాగుడుకి నీటి తుంపర లోపలికి రావచ్చు. బయటికి పోయే వెంట్ ఒకే రకం ఉండాలి.

అటిక్‌లోకి వెళ్ళినప్పుడు మూడు చూడండి. రిడ్జ్ వెంట్ కింద చెక్కను నిజంగా కోశారా? కోయకుండా పైన వెంట్ మాత్రం బిగించేసిన ఇళ్ళు ఉన్నాయి. సాఫిట్ వెంట్లను ఇన్సులేషన్ కప్పేసిందా? బాత్‌రూమ్ ఫ్యాను గొట్టం బయటికి పోతోందా, లేక రూఫ్ పనిలో ఊడిపోయి అటిక్‌లోకే ఆవిరి వదులుతోందా? గ్యాస్ వాటర్ హీటర్ గొట్టం కూడా పక్కకి జరగకుండా గట్టిగా ఉందో చూడండి. అది విడిపోతే ఇంట్లోకి విషవాయువు వస్తుంది.

7. "మీరే ఎక్కి ఒక్కో షింగిల్ లేపి చూడండి"

దయచేసి ఈ పని చేయకండి. అలవాటు లేనివాళ్ళకి ఏటవాలు రూఫ్ ప్రాణాంతకం. కొత్త షింగిల్ మీద వదులు గుళికలు ఉంటాయి, కాలు జారుతుంది. టెక్సస్ వేసవి మధ్యాహ్నం రూఫ్ మీద వేడి 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మెత్తబడ్డ షింగిల్ మీద నడిస్తే గుళికలు లేచిపోయి నల్లటి మచ్చలు మిగులుతాయి.

షింగిల్ అడుగున జిగురు పట్టీ ఎండ వేడికి కరిగి కింది షింగిల్‌కి అతుక్కుంటుంది. గాలికి రూఫ్ నిలబడేది మేకులతో పాటు ఆ అతుకు వల్లే. ఒకసారి అతుక్కున్నదాన్ని లాగి చూస్తే ఆ పట్టు పోతుంది, కొన్నిసార్లు షింగిలే చిరుగుతుంది. చలికాలంలో వేసిన రూఫ్ అయితే వేడి రోజులు వచ్చేదాకా సరిగ్గా అతుక్కోకపోవచ్చు. అలాంటప్పుడు గాలి ఎక్కువగా తగిలే అంచుల్లో చేత్తో సీలెంట్ పెట్టమని ముందే అడగాలి.

పైకి ఎక్కి చూడాల్సిందేననిపిస్తే, రూఫులు వేయని, రూఫులు అమ్మని ఇన్‌స్పెక్టర్‌ని పెట్టుకోండి. ఆయనకి ఇచ్చే కొన్ని వందల డాలర్లు ఆఖరి చెక్కు రాసేముందు ఖర్చు పెట్టాలి, తర్వాత కాదు. మీరు నిచ్చెన ఎక్కి చూరు దాకా చూడాలనుకున్నా, నిచ్చెన పై కొస చూరుకి కనీసం 3 అడుగులు పైకి ఉండాలి. కింద ఒకరు పట్టుకుని ఉండాలి.

8. "సిటీ ఇన్‌స్పెక్షన్ పాసయింది, పైగా లైఫ్‌టైమ్ వారంటీ. నిశ్చింతగా ఉండండి"

సిటీ ఇన్‌స్పెక్టర్ కోడ్ అడిగే కనీసం ఉందో లేదో చూస్తారు. చాలాసార్లు ఆయన వచ్చేసరికి రూఫ్ మొత్తం కప్పేసి ఉంటుంది. ఒక్కో మేకూ, ఒక్కో రేకూ చూడటం ఆయన పని కాదు. పాసవడం అవసరమే, అది చాలదు.

వారంటీలు రెండు. ఒకటి షింగిల్ కంపెనీది. అది తయారీలో లోపానికి. పేరుకి లైఫ్‌టైమ్ అయినా మామూలు వారంటీలో పూర్తి రక్షణ మొదటి కొన్నేళ్ళే, ఎక్కువగా పదేళ్ళు. ఆ తర్వాత ఏటికేడు తగ్గుతూ పోతుంది. మేకులు వాళ్ళు చెప్పినట్టు కొట్టలేదని తేలితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. రెండోది రూఫర్ ఇచ్చే పని వారంటీ. లీకులన్నీ దాదాపు పనిలోంచే వస్తాయి కాబట్టి మనకి ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే. ఎన్నేళ్ళు, ఏమేమి వస్తాయి, ఎన్నాళ్ళలో వచ్చి చూడాలి అన్నవి కాగితం మీద ఉండాలి. ఇచ్చే కంపెనీ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉందో కూడా చూడండి. టెక్సస్‌లో రూఫర్‌కి రాష్ట్ర లైసెన్సే అక్కర్లేదు. వడగళ్ళు పడ్డ మర్నాడు తలుపు తట్టి, సీజన్ అయ్యాక ఇంకో రాష్ట్రానికి పోయేవాళ్ళ వారంటీతో ప్రయోజనం లేదు.

వడగళ్ళు తట్టుకునే క్లాస్ 4 షింగిల్స్‌కి డబ్బు కట్టి ఉంటే, అవే వేశారని రుజువు ఉంచుకోండి. క్లాస్ 4 అంటే 2 అంగుళాల ఉక్కు గుండుని 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వదిలినా పగలని షింగిల్. పైకి మామూలు షింగిల్‌కీ దీనికీ తేడా తెలియదు. డ్రైవ్‌వేలో దించిన కట్టల లేబుళ్ళు ఫొటో తీయండి, ఒక కవరు దాచుకోండి. ఇన్సూరెన్స్ తగ్గింపు అడిగినప్పుడు కూడా ఇవే పనికొస్తాయి.

9. "డిడక్టిబుల్ రూఫరే చూసుకుంటానన్నాడు. ఇంకేం, చెక్కు ఇచ్చేయండి"

టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇంటివాళ్ళు కట్టాల్సిన వాటాని, అంటే డిడక్టిబుల్‌ని, రూఫర్ మాఫీ చేయడం, లేదా కట్టినట్టు చూపించడం నేరం. కట్టిన రుజువు ఇన్సూరెన్స్ కంపెనీ అడగవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, పనిని బట్టి చూసినా ఇది చెడ్డ బేరమే. ఆ వేల డాలర్లు ఎవరో ఒకరి జేబులోంచి రావాలి. రూఫర్ తన జేబులోంచి తీయడు. పాత రేకుల్ని మళ్ళీ వాడటంలో, పల్చటి అండర్‌లేమెంట్‌లో, స్టార్టర్ పట్టీ ఎగ్గొట్టడంలో, కొత్త క్రూని పెట్టడంలో ఆ డబ్బు రాబట్టుకుంటాడు. పైన చెప్పిన తప్పులన్నీ చాలావరకు అక్కడే పుడతాయి.

ఆఖరి చెల్లింపు మన చేతిలో ఉన్న ఒకే ఒక బలం. దాన్ని సాయంత్రం ట్రక్కు వెళ్ళిపోయే హడావుడిలో వదులుకోకండి. మొదటే కాంట్రాక్టులో "తనిఖీ అయ్యాక ఆఖరి చెల్లింపు" అని రాయించుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మంచి పని చేసిన రూఫర్ దీనికి అభ్యంతరం పెట్టడు.

చెక్కు రాసేముందు ఇవి పూర్తయ్యాయా చూసుకోండి. దశలవారీ ఫొటోలన్నీ చేతికొచ్చాయి. నాలుగు వైపులా కింద నుంచి చూశారు. అటిక్‌లోకి వెళ్ళి మేకులూ, వెంట్లూ, గొట్టాలూ చూశారు. గోడల దగ్గర కొత్త రేకులూ, కొసన కిక్‌అవుటూ ఉన్నాయి. అయస్కాంతంతో లాన్, డ్రైవ్‌వే, పూలమొక్కల పాదులు అన్నీ తుడిచారు. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే పెరట్లో ఒక్క మేకు మిగిలినా ప్రమాదమే, కాబట్టి రెండోసారి కూడా తుడవమని అడగండి. సిటీ పర్మిట్ మూసినట్టు కాగితం, రెండు వారంటీల కాగితాలు, కంపెనీలో నమోదు చేసిన రుజువు, మెటీరియల్ సప్లయర్‌కీ పనివాళ్ళకీ డబ్బు ముట్టిందని లీన్ వేవర్. ఆ చివరిది లేకపోతే, రూఫర్ బాకీ పెట్టినప్పుడు సప్లయర్ మీ ఇంటి మీద లీన్ (బాకీ కింద చట్టపరమైన హక్కు) వేయవచ్చు.

ఏదైనా లోపం కనిపిస్తే మాటల్లో చెప్పి ఊరుకోకండి. ఏ వాలు మీద, ఏ మూలన, ఏమిటి అన్నది ఫొటోతో సహా ఈమెయిల్ చేయండి. మర్యాదగా, స్పష్టంగా, ఒక్కొక్కటీ నంబరు వేసి రాయండి. వచ్చి సరిచేశాక, ఆ చోట్ల కొత్త ఫొటోలు చూసి, అప్పుడే మిగతా డబ్బు ఇవ్వండి.

ఈ సలహాల్లో చాలావాటిలో ఉన్న లోపం ఒకటే. చూడాల్సిన బాధ్యతని అవి ఇంకొకరి మీద పెడతాయి: రూఫర్ మీద, ఇన్‌స్పెక్టర్ మీద, కంపెనీ మీద, లేకపోతే వాన మీద. రూఫ్ కింద ఉండేది మన పిల్లలు, మన తల్లిదండ్రులు. పనివాళ్ళు ఇంకా నిచ్చెన తీయకముందే, డబ్బు ఇంకా మన చేతిలో ఉండగానే చూసుకోవాలి. ఇంజినీరు కానక్కర్లేదు, పైకి ఎక్కనక్కర్లేదు. ఒక బైనాక్యులర్, ఒక టార్చ్, ఒక శనివారం పొద్దున్న చాలు.